మనుష్యనిక్షేపము

కొల్లేటి లంకలలోఁ గాపురముండువారు చిన్ననాఁటినుండియు నొక సంగతి యెఱుఁగుదురు. దోనెమీఁద వలకుఁ బోయినవాఁడు గాలివానలోఁ జిక్కి మునిఁగినచో నాతనికొఱకు ఊరంతయుఁ గదలును. కిక్కిస పొదలలో వెదకుదురు. ఉప్పుటేటి మొగదాఁక వెదకుదురు. కొంగలు లేచిన దిక్కునకెల్ల దోనెలు త్రిప్పుదురు. కొల్లేరు నేఁడు గాకున్న రేపు, రేపు గాకున్న మూఁడవనాఁడు, తాను దీసికొన్నదానిని నీటిపైకిఁ దేల్చును. తల్లి యేడ్చును, బంధువులు చేయవలసినది చేయుదురు, కొన్నాళ్లకు ఆ యింట మరల పొయ్యి రాఁజును. నీరు నిర్దయమైనది, కాని నీరు బొంకదు. "వాఁడు నాయొద్దకు రానేలేదు" అని గాని, "వచ్చి వెంటనే వెడలిపోయెను" అని గాని చెప్పుట దానికిఁ జేతఁగాదు.

మనుష్యుని మనుష్యుఁడే తీసికొనిపోయినప్పుడు సంగతి వేఱగును. ఆయుధములు ధరించి, రాజ్యము పేరఁ బనిచేయువారు అర్ధరాత్రమున నింటి తలుపు తట్టి, యొకనిని బండి నెక్కించుకొనిపోయిరి. మఱునాఁడు బంధువులు పోయి యడుగఁగా "అట్టివాఁడు మాయొద్ద లేఁడు" అని చెప్పిరనుకొందము. ఆ మాటతో నింటివారి కేమి మిగులును? శవము లేదు గనుక దుఃఖించుటకు వీలులేదు. జాడ లేదు గనుక ఆశ విడుచుటకును వీలులేదు. గడియ తీయని తలుపు, మూయని తలుపు రెండును గాని స్థితిలో ఆ యిల్లు సంవత్సరములు గడుపును. ఇట్టి యింటి కెవరేమి బాకీపడియున్నారు? ఆ యింటివా రెంతకాలము వెదకవలెను? ఈ రెండు ప్రశ్నలను గూర్చి యించుక విచారింపఁదలఁచినాము. లోకులు వీనిని ఒక్క ప్రశ్నగానే భావింతురు. రెండును వేర్వేఱని మా యభిప్రాయము. వేఱుచేయకపోవుటచేతనే ఆ యిండ్లకు అన్యాయము జరుగుచున్నదని మా నమ్మకము.

మొదట బాకీ సంగతి. మన ధర్మశాస్త్రములు పదునెనిమిది వ్యవహారపదములను జెప్పినవి. మనువు లెక్కలో అందు మొదటిది ఋణాదానము, రెండవది నిక్షేపము. అనఁగా ఒకని సొమ్ము మఱియొకనియొద్ద దాఁచుట. దాఁచుకొన్నవాఁడు అడిగినప్పుడు సొమ్ము చూపవలెను. చూపలేనిచో నది పోయిన విధము చెప్పవలెను. దొంగలు హరించిన, నీరు కొట్టుకొనిపోయిన, నిప్పు కాల్చిన నాతఁడు బాధ్యుఁడు గాఁడు. కాని తానే దానిని ముట్టుకొన్నచో నీ మినహాయింపు లేదు. దాఁచుకొని, లేదని బొంకువాఁడు దొంగవలె దండింపఁదగినవాఁడు. ఇత్తడి బిందెకును, వెండి గిన్నెకును మన పూర్వు లేర్పఱచిన న్యాయ మిది.

బిందెకుఁ గల న్యాయము మనుష్యునకు లేకుండునా? నిక్షేపమనఁగా యజమానుఁడు తానై యిచ్చినది గదా, ఇచ్చట బలిమిఁ దీసికొనిపోయిరి గదా, సామ్య మెట్లు కుదురునని యెవరైన నడుగవచ్చును. నిజమే. అయినను ఆ భేదము తీసికొనిపోయినవాని భారమును పెంచునే కాని తగ్గింపదు. అడుగఁగా నొప్పుకొని దాఁచినవానికే లెక్క చెప్పవలసిన విధి యున్నప్పుడు, అడుగకయే లాగుకొన్నవానికి అంతకుమించిన విధి యుండవలెను.

యాజ్ఞవల్క్యుఁడు ఈ మినహాయింపులలో దొంగలతోపాటు దైవమును, రాజును గూడఁ జేర్చెను. రాజు హరించినదానికి దాఁచుకొన్నవాఁడు బాధ్యుఁడు గాఁడు. రాజశక్తి వఱదవలె, పిడుగువలె నెదిరింపరానిదని యా కాలమువా రెంచిరి. మఱి నిక్షేపము నుంచుకొన్నది రాజే యైనచో? తనకుఁ దానే వఱద యగుట యెవనికిని సాధ్యము గాదు. ఇతరుల విషయమున రాజశక్తి సాకు కావచ్చును. రాజు విషయమున నది సాకు కానేరదు. కావున మనుష్యుని తన చేతఁ బట్టుకొన్న రాజ్యమునకు "నాకుఁ దెలియదు" అను మాట యొక్కటి నిషిద్ధము. తెలియకపోవుటయే దాని నేరము.

ఇంగ్లీషువారి న్యాయశాస్త్రములో హేబియస్ కార్పస్ అను పేర నొక యాజ్ఞ కలదు. ఆ లాటిను మాటల యర్థము "దేహమును దెమ్ము" అనియే. వానిని నిర్దోషి యని యొప్పుకొనుమని గాని, వెంటనే విడువుమని గాని యది మొదట నడుగదు. పట్టుకొన్న మనుష్యుని న్యాయాధిపతి యెదుట నిలువఁబెట్టి, యే యధికారముతోఁ బట్టితివో చెప్పుమని యడుగును. మన నిక్షేపధర్మమును, ఆ యాజ్ఞయు నొకే తల్లి బిడ్డలు.

ఇఁక మన సీమ కథ నొకదానిని జూతము. భీమవరము దగ్గఱి మోగల్లు అల్లూరివారి పూర్వుల గ్రామము. ఆ వంశమువాఁడైన సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలమీఁదఁ బడి తుపాకులఁ గొనిపోయిన కథ యెల్లవారికిఁ దెలిసినదే. ఆయనను బట్టుటకు మన్యమునకు మలబారు పోలీసులు వచ్చిరి. పిమ్మట అస్సాము రైఫిల్సు దళము వచ్చెను. 1924 మే 7వ తేదీని కొయ్యూరు వద్ద నాయన పట్టువడి, విచారణ యనునది లేకయే కాల్చఁబడెను. పాఱిపోఁబోఁగా కాల్చితిమని ప్రభుత్వపు మాట. దేహమునకు ఛాయాచిత్రము తీసిరి. కృష్ణదేవిపేటలో దహనము జరిగెను. అయినను రాజు చావలేదనియు, ఎచ్చటనో సన్న్యాసియై యున్నాఁడనియు ననేక సంవత్సరములు జనులు చెప్పుకొనిరి.

దీనిని పామరుల భ్రాంతి యని విద్యావంతులు నవ్వుట కలదు. మాకట్లు తోఁపదు. చేతికి సంకెల వేసినవారే కాల్చిరి; కాల్చినవారే కారణము చెప్పిరి; చెప్పినవారే చిత్రము తీసిరి. పాఱిపోఁబోయెనను మొదటి మాట బొంకని యెఱిఁగినవారు, చచ్చెనను రెండవ మాట నెవరి సాక్ష్యముతో నమ్మవలెను? శవము కనుల యెదుట నున్నను, కస్టడీలోఁ జంపి కథ కల్పించినవాఁడు ఆ చావును సయితము నమ్మదగనిదానిగాఁ జేయుచున్నాఁడు. శవమే లేనిచోట నింటివారి మనస్సు ఆశను విడువదని యాశ్చర్యపడ నేల?

తాడేపల్లిగూడెమువారికి తమ యూరియొద్ద రెండవ ప్రపంచయుద్ధకాలమున వేసిన విమానముల బాట తెలియును. ఆ యుద్ధముననే సముద్రమున కావల మఱియొక బాట పడెను. మలయాను జయించిన జపాను సైన్యము 1942, 1943 సంవత్సరములలో సయామునుండి బర్మాకు సుమారు 415 కిలోమీటర్ల రైలుబాటను అడవులగుండ వేయించెను. యుద్ధఖైదీలు సుమారు 60 వేలమంది యందుఁ బనిచేయఁగా 12 వేలకు మించి చనిపోయిరి. వారికంటె నెన్నో రెట్లు ఆసియావాసులైన కూలీలు పనిచేసిరి. వారిలో మలయా రబ్బరు తోఁటలనుండి కొనిపోఁబడిన తమిళులు పెక్కుమంది, తెలుఁగువారును గలరు. పని చూపింతుమని కొందఱిని, బలవంతముగాఁ గొందఱిని సైన్యము తరలించెను. కలరాచేతను, ఆఁకలిచేతను వీరు పదుల వేలలో నశించిరి.

యుద్ధానంతరము యుద్ధఖైదీల గోరీలు కాంచనబురిలోను, థాన్‌బ్యూజయత్‌లోను వరుసలు దీర్చి కట్టఁబడినవి. చాలమందికిఁ బేరు, దళము, వయస్సు చెక్కిన ఱాయి కలదు. కూలీల కట్టి ఱాళ్లు లేవు. కారణ మేమి? ఖైదీలకు సైన్యములో నొక పట్టిక యుండెను. చావులను తోడివారు రహస్యముగా వ్రాసి దాఁచిరి. కూలీని బట్టుకొన్నవారు వాని పేరు వ్రాయలేదు. వాని తరఫున నడుగుటకు రాజ్యమును లేదు. మనుష్యుని మాయముచేయుటకు మంత్రము లక్కఱలేదు. పేరు వ్రాయకున్నఁ జాలును.

ఇవి పరప్రభువుల చేష్టలని మనము సమాధానపడుటకు వీలులేదు. స్వతంత్ర భారతమున 1958లో సాయుధబలముల ప్రత్యేకాధికార చట్టము పుట్టెను. ఆ చట్టము సహితము, సైనికులు పట్టుకొన్నవానిని సాధ్యమైనంత శీఘ్రముగా సమీపపు పోలీసు ఠాణాకు అప్పగింపవలెనని తన 5వ పరిచ్ఛేదమున విధించినది. అనఁగా పేరు పుస్తకమున కెక్కవలెనని భావము. 1982 మార్చిలో మణిపురములోని హుయినింగు గ్రామమునుండి యిద్దఱిని సైనికులు తమ శిబిరమునకుఁ గొనిపోయిరి. ఒకఁడు పాఠశాల ప్రధానోపాధ్యాయుఁడు. మఱొకఁడు చర్చిలో సహాయబోధకుఁడు. వారు తిరిగి యింటికి రాలేదు. శిబిరమునుండి వారు వెడలిపోయిరని సైన్యము చెప్పినది. ఢిల్లీలోఁ జదువుకొనుచున్న సెబాస్టియన్ హోంగ్రే యను విద్యార్థి సుప్రీముకోర్టు నాశ్రయించెను. 1983 నవంబరులో న్యాయస్థానము వారిని హాజరుపఱుపుఁడని యాజ్ఞాపించెను. హాజరుపఱుపలేదు. 1984 ఏప్రిలులో న్యాయస్థానము ఆ యిద్దఱును అసహజమరణము నొందియుందురని నిశ్చయించి, వారి భార్య లిద్దఱికిని చెఱి లక్ష రూపాయలు చెల్లింపవలెనని తీర్పు చెప్పెను.

ఆ లక్షను న్యాయస్థానము ప్రాణమునకు వెల యనలేదు. ఆజ్ఞను ధిక్కరించినందులకు హెచ్చరికగా విధించిన ఖర్చులనియే చెప్పెను. ఈ భేదమును మనము గుర్తుంచుకొనవలెను. ఆ భార్యలు ధనము గైకొన్నంతమాత్రమున అడుగు హక్కును విక్రయించుకొనలేదు.

సైన్యమే యననేల? పోలీసులు చేసినను ధర్మ మొక్కటియే. కోళికోడులో ఇంజినీరింగు చదువుచున్న రాజన్ అను విద్యార్థిని 1976 మార్చి 1వ తేదీని పోలీసులు కళాశాల వసతిగృహమునుండి పట్టుకొనిపోయి కక్కయము శిబిరమున నుంచిరి. అది అత్యవసరపరిస్థితికాలము. ఆ యేప్రిలులోనే సుప్రీముకోర్టు ధర్మాసనము, ఆ కాలమున నిర్బంధమును ప్రశ్నించుటకు నెవరికిని హక్కులేదని నలుగు రొకవైపు, ఒక్కఁ డొకవైపుగాఁ దీర్పిచ్చెను. వేఱుగా నిలిచిన యా యొక్కఁడు జస్టిసు ఖన్నా. రాజన్ తండ్రి యీచరవారియరు హిందీ యుపాధ్యాయుఁడు. అధికారుల గుమ్మములు, మంత్రుల గుమ్మములు త్రొక్కి, 1977 మార్చిలో అత్యవసరపరిస్థితి తొలఁగినంతనే ఆయన కేరళ హైకోర్టు తలుపు తట్టెను. అట్టివానిని పట్టుకొననేలేదని మొదటఁ జెప్పిన ప్రభుత్వము, న్యాయస్థానము నిగ్గదీయఁగా, కస్టడీలోఁ జనిపోయెనని యొప్పుకొనవలసివచ్చెను. ముఖ్యమంత్రి కరుణాకరన్ పదవి వదలెను. కాని దేహము దొరకలేదు. 2006లో తాను గన్నుమూయువఱకును తండ్రి యడుగుట మానలేదు. నాఁటి సుప్రీముకోర్టు తీర్పును 2017లో ఆ న్యాయస్థానమే త్రోసివేసినది. నలువదియొక్క సంవత్సరములు పట్టెను.

ఇచ్చట నొక యాక్షేపణ వచ్చును. దేశరక్షణము సామాన్యకార్యము గాదు. తిరుగుబాటు చెలరేఁగినచోటఁ బ్రాణములకుఁ దెగించి నిలుచు సైనికునిచేత నడుగడుగునకు లెక్క చెప్పించినచో దేశము నిలుచునా? ఈ మాటలో నిజము లేకపోలేదు. సైనికుని తల్లియుఁ దల్లియే. ఆమె బాధ కాదనరానిది. అయినను మే మడుగుచున్న దెంత స్వల్పమో గమనింపుఁడు. యుద్ధరహస్యములు చెప్పుమనుట లేదు. వానిని విచారింపవలదనుట లేదు. నేరమున్నచో దండింపవలదనుట లేదు. పట్టుకొంటివా లేదా, ఉన్నాఁడా లేఁడా, ఉన్న నెచ్చట, లేకున్న నెట్లు పోయెను? ఈ నాలుగు ముక్కలు చెప్పినంత నే దేశమును కూలదు. చెప్పకపోవుటవలననే పల్లెకుఁ బల్లె రాజ్యమునకు విముఖమగును. ఏ సైనికుఁడు ధర్మముగాఁ బోరాడుచున్నాఁడో వాని కీర్తిని గూడ, దాఁచినవాని బొంకు మలినపఱుచును.

కొల్లేటికోటను గూర్చి మనవా రొక కథ చెప్పుకొందురు. పూర్వము సేన లా కోటను ముట్టడించినప్పుడు నీరు తొలఁగక, ఉప్పుటేటిని సముద్రమునకుఁ ద్రవ్వించుచు, కార్యసిద్ధికై యొక సేనాని తన కూఁతునే బలి యిచ్చెనఁట. అందుచేతనే ఆ కాలువకుఁ బేరంటాల కనుమ యని పేరు వచ్చెననుట. కథ నిజమగునో కాదో మాకుఁ బనిలేదు. ఆ క్రూరకార్యమును మేము మెచ్చుటయు లేదు. కాని యొకటి చూడుఁడు: ఆ సేనాని బలి యిచ్చితిననియే చెప్పెను, అట్టి కూఁతురు నాకు లేదనలేదు. నీటికిఁ బేరంటాలి పేరైన మిగిలెను. ప్రాణము దీసి, పేరును గూడఁ దుడిచివేయు నేఁటి నాగరకత, ఆ మూఢకాలపు క్రౌర్యముకంటె నొక మెట్టు దిగువ నున్నది.

ఇఁక రెండవ ప్రశ్న. ఇంటివా రెంతకాలము వెదకవలెను? ఈ ప్రశ్న బరువంతయు తఱచుగా నొక్క స్త్రీమీఁదఁ బడును. కానరానివాని భార్య సువాసినియా, విధవయా? అత్తగారు, "అమ్మాయీ, బొట్టు తీసితివా, నా కొడుకును నీ చేతులార చంపినదాన వగుదువు సుమా" అనును. కన్నతండ్రి, "ఎన్నాళ్లమ్మా యీ కనిపెట్టుకొనియుండుట? కార్యము జరిపించి మాయింటికి రమ్ము" అనును. ఇద్దఱును ప్రేమచేతనే పలుకుచున్నారు. ఇద్దఱి ప్రేమయు నామెను రెండుగాఁ జీల్చుచున్నది. పొలము పట్టా మగని పేర నున్నది. బ్యాంకులోని సొమ్ము మగని పేర నున్నది. మరణధ్రువపత్రము లేక యేదియుఁ గదలదు. ఆ పత్రమునకు అర్జీ వ్రాయుటయో, తన చేతితోఁ దాను మగనికి మరణశాసనము వ్రాయుటగాఁ దోఁచును.

పెద్దలు దీనికొక గడువు పెట్టిరి. పండ్రెండేండ్లు జాడ తెలియనివానికి మోదుగాకులతోఁ బ్రతికృతి చేసి దహనము జరుపవచ్చునని సంప్రదాయము. ఏడేండ్లు వార్త లేనివాఁడు మృతుఁడని యెంచవచ్చునని 1872 నాఁటి సాక్ష్యచట్టము. 2024లో అమలునకు వచ్చిన క్రొత్త చట్టమును ఈ నియమమునే నిలిపినది. ఏడేండ్లు జాడలేని భర్తనుండి భార్య విడాకులు పొందవచ్చునని 1955 నాఁటి హిందూవివాహచట్టము. అంతకుఁ బూర్వమే పరాశరస్మృతి స్త్రీకి మఱియొక పతిని విధించిన యాపద లైదు. అందు మృతునికంటె ముందు పేర్కొనఁబడినవాఁడు నష్టుఁడు, అనఁగా కానరానివాఁడు. ఆ స్మృతినే యాధారము చేసికొని విద్యాసాగరుఁడు 1855లో వాదించెను. 1856లో చట్టము వచ్చెను. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతువివాహము జరిపించిరి. మన సంస్కర్తలు పోరాడినది విధవకొఱకు. విధవయుఁ గానిదాని సంగతి యంతగా మన తలఁపునకు రాలేదు. గోదావరి కీవల నున్న మన యిండ్లలో నేఁటికిని రాలేదు.

ఆమెకు మే మేమి చెప్పఁగలము? ఎదురుచూచుట పాతివ్రత్యమనియుఁ జెప్పము. మఱచుట వివేకమనియుఁ జెప్పము. రెండును ఇతరులు విధింపరాని కార్యములు. ఆమె పండ్రెండేండ్లు బొట్టుతోనే యుండఁగోరినచో నుండనిండు, వెఱ్ఱిది యనకుఁడు. ఏడవయేఁటనో, రెండవయేఁటనో కార్యము జరిపి, పత్రము తీసికొని, పొలము తన పేర వ్రాయించుకొని, మఱల సంసారము నిలుపుకొనఁగోరినచో నదియు సరియే, ద్రోహి యనకుఁడు. పిల్లలకుఁ జదువు చెప్పించుటకు వెదకుట మానిన తల్లి, వెదకుచునే చనిపోయిన తండ్రికంటెఁ దక్కువగా ప్రేమించినది గాదు.

ఇప్పుడు రెండు ప్రశ్నల భేదము తేటపడును. ఇంటివారు వెదకుట మానవచ్చును. అది వారి యిష్టము. రాజ్యము చెప్పుట మానరాదు. అది దాని ఋణము. ఇంటివా రలసి మానిరి గనుక మా ఋణము తీఱినదని రాజ్యము చెప్పుట, దాఁచినవాఁడు ముసలివాఁడై యడుగలేకున్నాఁడు గనుక బిందె నాదే యనుటవంటిది. ప్రతికృతికి నిప్పుపెట్టినను, పత్రముమీఁద ముద్ర పడినను, ఆ గడువు లింటివారి యూఱటకొఱకే కాని పట్టుకొన్నవాని విడుదలకొఱకు గాదు. 2006లో ఐక్యరాజ్యసమితి యొక యొడంబడికలో ఇంచుమించుగ నీ మాటనే చెప్పినది: కానరానివాని సత్యము తెలిసికొనుట బాధితుల హక్కనియు, వాని గతి తేలనంతకాలము ఆ నేరము జరుగుచున్నట్లేయనియు దాని భావము. మన దేశము 2007లో దానిపై సంతకము చేసినది. ధ్రువపఱుచుట మాత్రము జరుగలేదు.

చదువరులలోఁ బెక్కుమంది యేలూరులోనో, తాడేపల్లిగూడెములోనో, లంకలలోనో సుఖముగాఁ గాపురము చేయువారు. మణిపురపు ముచ్చటయు, మలయా ముచ్చటయు మన కేల యని యడుగవచ్చును. ఇట్టి వార్త పత్రికలోఁ జదివినప్పుడు మన నోట మొదట వెలువడు మాట యేదో యొకమాఱు పరీక్షించుకొనుఁడు. "ఏమియుఁ జేయకయే పట్టుకొందురా?" అనెదము. దోషియే కావచ్చును. దోషికి న్యాయస్థానము కలదు, చెఱసాల కలదు. వాని పేరు వ్రాయు పుస్తకము కలదు. మన మనిన యా చిన్నమాట ఆ పుస్తకమును మూయుచున్నది. వాని యింటి యెదుటనుండి పోవునప్పుడు చూపు త్రిప్పుకొనుట, ఆ పిల్లలతో మన పిల్లల నాడనీయకుండుట, శుభకార్యములకు ఆ యిల్లాలికిఁ బిలుపు పంపవలెనా వలదా యని తర్కించుట, ఇవి యన్నియు మన చేతులతో మనము చేయు కార్యములే.

దోనె మునిఁగినప్పుడు లంకలోని జనులు, మునిఁగినవాఁడు మంచివాఁడా చెడ్డవాఁడా యని విచారింపరు. ముందు దోనెలు విప్పుదురు. మఱునాఁడు పిలుపునకుఁ బసుపుకుంకుమలతో బయలుదేఱునప్పుడు, వీథి చివర తలుపు వేసియున్న యా యింటియొద్ద నొక్క నిమిషము నిలిచి, "అమ్మా, ఏమైనఁ దెలిసినదా?" అని యడుగుఁడు. రాజ్య మడుగవలసిన యా మాటను పొరుగువా రైన నడిగిరని యామె యెఱుఁగును.